గృహచ్ఛిద్రము – సభాధర్మము

మనుష్యుడు పరులకు తెలియనీయక దాచుకొనవలసిన విషయములు తొమ్మిది కలవని మన నీతిశాస్త్రకారులు నిర్ణయించి, ఆయువు, ధనము, ఇంటిలోని లోపము, మంత్రము, దాంపత్యరహస్యము, ఔషధము, దానము, మానము, అవమానము అని వానిని వరుసగా లెక్కపెట్టినారు. ఈ తొమ్మిదింటిలో రెండు, ఇంటిలోని లోపమును అవమానమును, ఒక్కసారిగా వచ్చి ఒక్క ప్రాణిపైననే పడినపుడు ఆ ప్రాణి చేయదగినది యేమి అను ప్రశ్న ఆ జాబితాలో లేదు. భర్తచేత దెబ్బలు తినిన ఇల్లాలికి ఆ దెబ్బ గృహచ్ఛిద్రమును అగును, అవమానమును అగును. కావున అది ఆమెకు రెండు విధముల గోప్యము. నోరు విప్పినచో నీతి తప్పినదగును; విప్పకున్నచో ఒక్కొకప్పుడు ప్రాణమే పోవును. ఇట్టి సంకటమునుండి బ్రతికి బయటపడిన స్త్రీలు నేడు అక్కడక్కడ తమ కథలను నలుగురియెదుట తమ నోటితోనే చెప్పుకొనుచున్నారు. అందువలన తమకంటిన మచ్చ తొలగుననియు, ఇంకను మూసిన తలుపుల వెనుక నున్నవారికి ధైర్యము కలుగుననియు వారి విశ్వాసము. అట్లు చెప్పుకొనుట ధర్మమా, ధర్మభంగమా? వినువారికి దానివలన ఏ ఋణమైన ఏర్పడునా? ఈ రెండు ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

మొట్టమొదట నీతికిని ధర్మమునకును గల భేదమును గుర్తింపవలెను. తొమ్మిది గోప్యముల జాబితా లౌకికజ్ఞుడైన పెద్దమనిషి చేసిన హితోపదేశమే గాని వేదచోదితమైన విధి కాదు. ధనమును చాటుకొన్నవానికి చోరభయము కలదు. మంత్రమును చాటుకొన్నవాని సాధన చెడును. దానమును చాటుకొన్నవాని పుణ్యము తరుగును. ఇట్లు పరిశీలించినచో గోప్యత యెల్లయు దాచువాని క్షేమమునకై యేర్పడినదని తేలుచున్నది. మఱి భార్య తన వీపుమీది వాతలను పైటచెంగు క్రింద దాచుకొన్నప్పుడు క్షేమము కలుగునది ఎవరికి? వాత పెట్టిన చేతికి క్షేమము; ఆ యింటి పేరునకు క్షేమము; రేపటి సంబంధములకై ఎదురుచూచు ఆడుబిడ్డలకు క్షేమము. దాచినదానికి మాత్రము మఱునాటి దెబ్బ మిగులును. దాచినవారికే కీడు తెచ్చు రహస్యమునకు ఆ నీతిసూత్రపు రక్షణ చెల్లదు. ఏలయన, సూత్రము పుట్టిన ప్రయోజనమే అక్కడ తలక్రిందులైనది.

‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అను సామెతను ఇట్టి సందర్భమున పెద్దలు తఱచుగా ముందుకు తెత్తురు. విభీషణుడు గుట్టు విప్పినందున లంక చెడినదట. కాని కథను ఒకమాఱు తిరిగి చదువుడు. విభీషణుడు మొదట నోరు విప్పినది శత్రువు శిబిరములో కాదు. నిండుసభలో, అన్నగారి యెదుట, సీతను మర్యాదగా తిరిగి అప్పగింపుమని చెప్పుటకే. ఆ మాటకు అవమానమే ఉత్తరమైన పిమ్మట ఆతడు సముద్రము దాటినాడు. లంకను కాల్చినది సీతను చెఱపట్టిన దుర్మార్గమా, ఆ దుర్మార్గమును తప్పని పలికిన నాలుకయా? సామెత మాత్రము చేసినవానిని సుఖముగా విడిచి, చెప్పినవానిపై నేరము మోపినది. నేటికిని మన యిండ్లలో ‘కాపురము కూల్చుకొన్నది’ అను మాట, చేయి చేసికొన్నవానిని గూర్చి గాక, ఆ సంగతి పుట్టింటికి చెప్పినదానిని గూర్చియే వినబడుచున్నది.

గుట్టు ఇంటిదా, మనిషిదా అను తగవు మన న్యాయస్థానములకును ఎక్కినది. విడిపోయిన దంపతులలో ఒకరు తిరిగి రెండవవారితో కాపురము చేయవలెనని శాసించుటకు వీలిచ్చు హిందూవివాహచట్టపు 9వ సెక్షను చెల్లదని 1983లో ఆంధ్రప్రదేశ్ ఉన్నతన్యాయస్థానమున జస్టిస్ పి.ఎ. చౌదరి తీర్పు చెప్పుచు, స్త్రీకి తన దేహముపై గల స్వాధికారమును గోప్యతాహక్కులో భాగముగా గుర్తించినారు. ఆ మరుసటి సంవత్సరమే సర్వోన్నతన్యాయస్థానము ఆ సెక్షనును నిలబెట్టినది. కాని 2017లో తొమ్మండ్రు న్యాయమూర్తుల ధర్మాసనము, గోప్యత ప్రతి వ్యక్తికిని మౌలికమైన హక్కని ప్రకటించినపుడు, ఆ హక్కు పురుషాధిపత్యమునకు ముసుగు కారాదని ఆ తీర్పులోనే హెచ్చరిక వెలువడినది. గుట్టు మనిషి సొత్తు అయినచో, దానిని దాచుకొనుటకును విప్పుకొనుటకును ఆ మనిషికే అధికారము.

ఈ విచారమునకు నేను ఎన్నూరును తావుగా గైకొనుటకు కారణము కలదు. చెన్నపట్టణమునకు ఉత్తరపు కొసన, కొసస్తలై యేఱు సముద్రమున కలియుచోట నున్న ఈ ఊరు, మత్స్యకారుల కుప్పములకును, మోటారుబండ్ల కర్మాగారమునకును, బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రములకును, ఓడరేవునకును ఒక్కచోటనే నిలయమైనది. ఉత్తర చెన్నైలో తరతరములుగా నెల్లూరు, ఒంగోలు సీమలనుండి వచ్చి, పారిశుద్ధ్యపు పనులలోను, రేవుపనులలోను, కర్మాగారములలోను కుదురుకొన్న తెలుగు కుటుంబములు అనేకము. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వఱదలతోపాటు నూనె తెట్టెలు కొట్టుకొనివచ్చి ఎన్నూరు కడలివాగును నలుపుచేసినవి. అదే నెల 26వ తేదీ అర్ధరాత్రివేళ ఎరువుల కర్మాగారమునకు అమ్మోనియా తెచ్చు సముద్రగర్భపు గొట్టమునుండి వాయువు వెలువడి, పెరియకుప్పము మొదలగు పల్లెల ప్రజలు ఊపిరాడక వీథులలోనికి పరుగిడిరి. ఆడువారు, మగవారు ఏకమై రహదారిపై కూర్చుండి తమకు జరిగిన కీడును ఎలుగెత్తి చెప్పిరి. హరితన్యాయాధికరణము తనంత తానుగా ఆ వ్యవహారమును విచారణకు తీసికొన్నది. ఊరిగుట్టు బయటపెట్టితిరని, పల్లె పరువు తీసితిరని వారిని నిందించుట ఎవనికి శోభించును? కీడు బహిరంగమైననే గాని దానికి ప్రతిక్రియ లేదని అక్కడి పసివానికిని తెలియును. అర్ధరాత్రి గాలిలో వచ్చిన విషమును గూర్చి ఇంత స్పష్టముగా తెలిసిన లోకమునకు, అదే అర్ధరాత్రి గడియ వేసిన గదిలో లేచిన చేతిని గూర్చి మాత్రము తెలియకుండుట ఎట్లు? ఇది కుప్పములకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. అగ్రహారములకును, అన్నానగరపు మేడలకును ఇది సమానమే.

తెలియకపోలేదు, చెప్పుకొనుట లేదు. 2019–21 నడుమ జరిగిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణములో, 18 మొదలు 49 ఏండ్ల నడిమి వివాహితలలో భర్తవలన హింసకు గురియైనవారు తమిళనాట నూటికి 38 మంది, తెలంగాణమున సుమారు 37 మంది, ఆంధ్రప్రదేశమున 30 మంది అని తేలినది. దేశమంతట, ఎవరిచేతనైన దేహహింసకో లైంగికహింసకో లోనైన స్త్రీలలో నూటికి 77 మంది సహాయము కోరలేదు, ఆ సంగతి ఎవరికిని చెప్పనేలేదు. అంతకంటె విస్మయకరమైన సంగతి యొకటి కలదు: కొన్ని సందర్భములలో భర్త భార్యను కొట్టుట తగునని అంగీకరించిన స్త్రీలు మన రెండు తెలుగు రాష్ట్రములలోను నూటికి 84 మంది వఱకు ఉన్నారు. దెబ్బలు తినినవారి సంఖ్యకంటె దెబ్బ న్యాయమనువారి సంఖ్య ఇంతగా మించియుండుటలోనే మచ్చ యొక్క మూలము కనబడుచున్నది.

ఆ మూలమును మన తెలుగు సామెత యొకటి ఏ శాస్త్రమును చూపనంత సూక్ష్మముగా చూపినది: ‘మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు.’ దీనిని వినినవారు సాధారణముగా ఆడుదాని అసూయపై వేసిన చెణుకుగా భావించి నవ్వి ఊరకుందురు. నిదానించి చూచినచో, దీనిలో రెండు గాయముల గణనము కలదు. మొదటి గాయము ఒక్కడు చేసినది. అది దేహమున కలిగి కొన్ని దినములకు మానును. రెండవ గాయము చూచినవారు చేసినది, అది మానదు. మఱి తోడికోడలు ఏల నవ్వినది? ఆమెయు అదే చూరు క్రింద, అదే అత్తగారి యధికారమున, అదే అన్నదమ్ములలో ఒకని చేతిక్రింద నున్నది. నిన్న ఆమెకు పడిన దెబ్బ ఎవరును చూడలేదు. నేడు ఈమెకు పడినది నలుగురు చూచిరి. ఈమెను చూచి నవ్వినంతసేపు తాను వేఱని, తనది చల్లని కాపురమని ఆమె లోకమునకు చాటుకొనవచ్చును. కావున ఆ నవ్వు భయమునకు వేసికొన్న వేషము. అవమానము అనునది దెబ్బతో పుట్టదు, ఆ నవ్వుతో పుట్టును. దెబ్బలు తినినవారు ఒకరినొకరు చూచి నవ్వునట్లు ఏర్పాటైయున్న ఇంటిలో కొట్టువానికి వేఱుగా కావలి అక్కఱలేదు.

మన సమాజము స్త్రీ మాటకు విలువ నిచ్చిన ఒక సందర్భమును గూడ ఇచ్చట చెప్పవలెను; అది ఆమె చనిపోవునపుడు. మరణవాఙ్మూలమునకు 1872 నాటి సాక్ష్యచట్టము ప్రమాణగౌరవము నిచ్చినది. నూతన చట్టమును దానిని నిలిపికొన్నది. చెన్నైలో కీల్పాక్కము వైద్యకళాశాలాసుపత్రిలోని కాలినగాయముల విభాగమునకు నగరపు నలుమూలలనుండియు స్త్రీలను తెత్తురు. అట్టి విభాగములలో వినబడు వాక్యము ఒకటి మనకందఱకు పరిచితమే: స్టవ్వు పేలినది, చీరకు నిప్పంటుకొన్నది. చెప్పినచో పిల్లల గతి యేమగునో అని దేహమంతయు కాలినది గూడ ఆ వాక్యమునే పట్టుకొని వ్రేలాడును. మరణశయ్యపై నున్నదాని మాటను దైవవాక్యముగా గైకొను లోకము, అదే స్త్రీ ఆఱు నెలలకు ముందు, నిలువున బ్రతికియుండి, ‘నన్ను చంపునేమో’ అని చెప్పినపుడు ‘సర్దుకుపోవమ్మా’ అని తిప్పిపంపినది. చచ్చుచున్నదాని సత్యమునకు గల విలువ బ్రతికియున్నదాని సత్యమునకు లేకపోవుట ధర్మశాస్త్రమునకే గాక తర్కశాస్త్రమునకును విరుద్ధము.

ఈ వైపరీత్యమును సవరించు యత్నము ఆ నగరమునందే మొదలైనది. 2001లో చెన్నైలో స్థాపితమై పి.సి.వి.సి. అను పొట్టిపేర ప్రసిద్ధమైన సంస్థ, ఇంటిహింసకు గురియైన స్త్రీలకు సహాయవాణిని, ఆశ్రయమును ఏర్పఱచుటతోపాటు, కాలినగాయములతో ప్రాణములు దక్కించుకొన్నవారికై ‘విడియల్’, అనగా వేకువ, అను కేంద్రమును నడుపుచున్నది. అట్లు బ్రతికినవారిలో కొందఱు కొన్నియేండ్ల క్రిందట గోపాలపురమున పుస్తకముల నడుమ వెలసిన రైటర్స్ కేఫ్ అను కాఫీశాలలో వంటయు వడ్డనయు నేర్చి కొలువు చేసిరి. కాలి ముడుతలు పడిన ముఖముతో, చేతులతో, వచ్చినవారి యెదుట నిలిచి, ఏమి కావలెనని అడుగుటయే ఒక కథనము. నోరు చెప్పకమునుపే ముఖము చెప్పినది. ముఖము దాచుకొనవలసినది తాము కాదని వారు తేల్చుకొన్నారు. చూచువాడు తల దించుకొనునో, కన్నులెత్తి చూచి కాఫీ తెమ్మని చెప్పునో, అది అతని పరీక్ష.

చెప్పుకొనుటకు లోకమిచ్చు వెల, చెప్పువారు ఎవరను దానినిబట్టి మాఱుచుండును. గాంధీమహాత్ముడు తన ఆత్మకథలో 1898 నాటి డర్బను సంఘటనమును నిర్దాక్షిణ్యముగా వ్రాసికొన్నాడు. ఇంటిలో నుండు గుమాస్తా మూత్రపాత్రను ఎత్తుటకు కస్తూరిబా కన్నీటితో దిగినపుడు, ఆ పని నవ్వుముఖముతో చేయలేదని ఆయన కోపించి, చేయిపట్టి ద్వారమువఱకు ఈడ్చికొనిపోయి ఆమెను వెలికి నెట్టబోయినాడు. ఈ పరదేశములో నాకెవరున్నారు, ఎక్కడకు పోదును అని ఆమె అడిగి, ఎవరైన చూచినచో బాగుండదు, ద్వారము మూయుమని బ్రతిమాలినదని ఆయనయే వ్రాసినాడు. ఈడ్వబడిన క్షణములో గూడ ఆమె తాపత్రయము ద్వారము మూయుటయే! ఆ పుటలు చదివిన లోకము ఆయన సత్యనిష్ఠకు చేతులు జోడించినది, జోడింపదగినదే. కాని ఆ కథ మనకు ఆయన గ్రంథమునుండియే తెలియుచున్నది. చేసినవాడు చెప్పినచో సత్యశోధనము. పడినది చెప్పినచో ఇంటి పరువు వీథిని పెట్టుట. ఒకే సత్యము ఒకరి నోట తపస్సును, ఒకరి నోట నిర్లజ్జతయు అగుటకు హేతువేమి? సత్యమును మనము దాని సత్యత్వమువలన గాక, దానిని పలికినవాని ఆధిక్యమువలన గౌరవించుచున్నామనుటకంటె వేఱు సమాధానము నాకు తోచదు.

మతదృష్టితో చేయబడు ఆక్షేపణములలో మొదటిది కర్మసిద్ధాంతము. ‘నా ఖర్మ ఇంతే’ అని దెబ్బలు తినినదే చెప్పును. వినినవారును తల యూపుదురు. బౌద్ధుల థేరీగాథలలో ఇసిదాసి అను భిక్షుణి, పాటలీపుత్రమున భిక్షాన్నము భుజించి తీఱికగా కూర్చున్నవేళ, సఖియైన బోధి అడుగగా తన కథ చెప్పినది. దాసివలె భర్తకు సేవచేసియు తాను వెళ్లగొట్టబడిన విధమును, రెండవ మూడవ పెండ్లిండ్లును అట్లే ముగిసిన విధమును చెప్పి, పూర్వజన్మమున తాను చేసిన పరదారాగమనమే దీనికి మూలమని ముగించినది. స్త్రీ స్త్రీకి తన కథ చెప్పుకొనుట మన దేశమున ఎంత ప్రాచీనమైనదో ఆ గాథ చూపుచున్నది. చెప్పుకొనుచు గూడ నేరమును తన తలపైననే వేసికొను అలవాటు ఎంత ప్రాచీనమైనదో అదియు చూపుచున్నది. ప్రారబ్ధము సత్యమే యనుకొందము. జ్వరమును ప్రారబ్ధమే, అయినను వైద్యుని పిలువకుండ ఎవడును కూర్చుండడు. పైగా కొట్టబడుట ఆమె ప్రారబ్ధమైనను, కొట్టుట ఆతని ఆగామికర్మము. ఆ చేయి ఈ జన్మమున, ఈ దినమున, స్వేచ్ఛగా లేచినది. ఆమె పాతఋణము తీర్చుటకు ఈతనిని దైవము వసూలుదారునిగా నియమించినట్లు ఏ శాస్త్రమును అధికారపత్రము వ్రాసి యీయలేదు.

రెండవ ఆక్షేపణము ఓర్పు. భూదేవి వంటి ఓర్పు, సీతమ్మ వంటి సహనము అని మనవారు పెండ్లికూతునకు దీవెనగా చెప్పుదురు. వాల్మీకి సీత నోరులేనిది కాదు. రావణవధానంతరమున వానరులు, రాక్షసులు చూచుచుండగా రాముడు పరుషముగా పలికినపుడు, సామాన్యుడు సామాన్యురాలితో పలుకదగిన మాటలు నాతో పలుకుచున్నావని ఆ నిండుసభలోనే ఆమె ఉత్తరము చెప్పినది. రెండవమాఱు సభలో శపథము చేయవలసివచ్చినపుడు భూమిని పిలిచి అందు ప్రవేశించినది. భూదేవి ఓర్పునకు గూడ విచ్చుకొను ఘడియ యొకటి కలదని ఆ కథయే సాక్ష్యము. ఓర్పు బలవంతుని గుణమని పెద్దలు చెప్పుదురు. వేఱు దారి యుండియు ఓర్చుకొన్నవాని ఓర్పునకే ఆ మాట చెల్లును. దారులన్నియు మూసి, కదలలేనిదానిని చూచి ఓర్పుగలదని కొనియాడుట ఆమెకు గౌరవము కాదు, మూసినవారికి సౌకర్యము.

ఇక రెండవ ప్రశ్న: వినువారికి ఋణమున్నదా? దీనికి భారతము ఇచ్చు ఉత్తరము నిర్దయమైనది. విరాటుని కొలువులో కీచకుడు ద్రౌపదిని తన్నినపుడు ఆమె రాజును, సభ్యులను నిలదీసి అడిగినది. రాజు తప్పించుకొన్నాడు. కంకుభట్టు వేషమున నున్న ధర్మరాజు, నటివలె ఈ విధముగా నిలువరాదు, లోనికి పొమ్మని సూచించినాడు. తిక్కన తీర్చిన ఆ ఘట్టము తెలుగువారికి కంఠస్థము. తన మగడే నటుడు, జూదరి యని ఆమె యిచ్చిన ఎత్తిపొడుపు మఱియు కంఠస్థము. ధర్మరాజునకు అజ్ఞాతవాసభంగభయము కలదని వ్యాఖ్యాతలు సమర్థింతురు, ఉండవచ్చును. కాని సభ చూపిన మూడు లక్షణములు నేటికిని మాఱలేదు: అధికారము గలవాడు మాట మార్చును, అయినవాడు లోనికి పొమ్మనును, వినినవారు ‘నాటకమాడుచున్నది’ అందురు. కథ చెప్పు స్త్రీ ఈనాడు ఎదుర్కొను మచ్చకు ఈ మూడును మూడు పేర్లు.

ఇంతకంటె స్పష్టమైనది ద్యూతసభలో విదురుడు చెప్పిన లెక్క. ద్రౌపది ప్రశ్నకు ఎవరును బదులీయక తలలు వంచుకొన్నపుడు ఆతడు ప్రహ్లాదుని పూర్వకథ చెప్పి, కశ్యపుని నిర్ణయమును సభవారికి జ్ఞప్తిచేసినాడు. అధర్మముచేత గాయపడిన ధర్మము సభకు వచ్చినపుడు, ఆ ములుకును సభవారు పెఱికివేయనిచో అది వారికే గ్రుచ్చుకొనును. నిందింపదగినదానిని నిందింపని సభలో పాపము నాలుగు పాళ్లుగా పంచబడును: సగము సభాముఖ్యునకు, పాతిక చేసినవానికి, పాతిక ఊరకున్న సభ్యులకు. నిందింపదగినదానిని నిందించినచో ముఖ్యుడు నిర్దోషి, సభ్యులు విముక్తులు, పాపమంతయు చేసినవానిదే. ఈ పంపకమును ఎన్నిమాఱులు లెక్కించినను బాధపడి సభకు వచ్చినదానికి ఒక వీసమైన భాగము కానరాదు. ఎవరికి అంటవలసిన మచ్చ ఎవరికి అంటుచున్నదో చూచుటకు ఇంతకంటె ప్రమాణము వెదకవలసిన పని లేదు. మన లోకము ఆ నాలుగు పాళ్లను గుత్తగా ఆమెకే వ్రాసియిచ్చినది.

ఈ లెక్కను బట్టి చూచినచో కథ చెప్పుకొనుట యొక్క స్వరూపమే మాఱిపోవును. జాలికై చేయు మొఱ అని, గుండెబరువు దించుకొనుట అని దానిని తలచువారు కలరు. బరువు దిగవచ్చును, దిగకపోవచ్చును. అంతకంటె ముఖ్యముగా అది వినువారిని సభగా మార్చును. చెప్పకమునుపు ఇరుగుపొరుగువారు తమకేమియు తెలియదనుకొను గుంపు. చెప్పిన క్షణమునుండి వారు విదురుని లెక్కలో చేరిన సభ్యులు. అందుకే చెప్పుదానిపై లోకమునకు అంత కోపము. ఆమె తమకు ఒక ఋణమును తెచ్చిపెట్టినది.

ఆశ్చర్యమేమనగా, ఆధునికశాసనమును ఇచ్చటనే వచ్చి నిలిచినది. గృహహింసనుండి స్త్రీలకు రక్షణ నొసగు 2005 నాటి చట్టము 2006 అక్టోబరు 26 నుండి అమలులోనికి వచ్చినది. దాని 17వ సెక్షను కాపురమున్న ఇంటిలో నివసించు హక్కును స్త్రీకి ఇచ్చినది. కోరినచో విచారణను రహస్యముగా జరుపుటకు 16వ సెక్షను వీలు కల్పించినది. 4వ సెక్షను మాత్రము నేరుగా సభ్యులను ఉద్దేశించినది: హింస జరిగినదనియో, జరుగుచున్నదనియో, జరుగబోవుననియో నమ్ముటకు హేతువు గల ఎవరైనను రక్షణాధికారికి తెలుపవచ్చును; సద్బుద్ధితో తెలిపినవానికి ఏ బాధ్యతయు అంటదు. పొరుగింటివాడు, ఇల్లు అద్దెకిచ్చినవాడు, బడిపంతులు, అర్చకుడు, పాదిరి, అందఱును ఇందు చేరుదురు. స్త్రీల సహాయవాణియైన 181 అను సంఖ్యకు ఫోను చేయుటకు పుణ్యపురుషుడు కానక్కఱలేదు.

ఎన్నూరికి దక్షిణముగా కొద్ది దూరముననే తిరువొత్తియూరు కలదు. మన త్యాగరాజస్వామి వీణ కుప్పయ్యరుగారి కోరికపై విచ్చేసి త్రిపురసుందరిపై తెలుగు కృతులు కీర్తించిన క్షేత్రమది. ఆ యూరి స్థలకథ యొకటి పన్నెండవ శతాబ్దమున శేక్కిళారు రచించిన పెరియపురాణమున ప్రసిద్ధము. శివునకే చెలికాడని పేరుపొందిన సుందరమూర్తి, కోవెలలో పూలదండలు గ్రుచ్చు సంగిలిని వలచి, ఆమెను విడువనని గర్భాలయమున ప్రమాణము చేయవలసివచ్చినపుడు, ఆ సమయమునకు నీవు గర్భాలయము విడిచి పొగడచెట్టు క్రిందికి పొమ్మని స్వామిని ముందుగానే వేడుకొన్నాడు. స్వామి ఒప్పుకొని, స్వప్నమున సంగిలికి ఆ సంగతి తెలిపి, ప్రమాణమును చెట్టు క్రిందనే చేయించుకొమ్మన్నాడు. ఆతడు ప్రమాణము చేసి, పెండ్లాడి, పిమ్మట తిరువారూరుపై మనసు పడి మాట తప్పి ఊరి పొలిమేర దాటగనే కన్నులు పోగొట్టుకొన్నాడు. నేటికిని మాసిమాసపు ఉత్సవములో ఆ చెట్టు క్రింది ప్రమాణఘట్టమును సేవగా జరుపుదురు. ఈ కథ దెబ్బల కథ కాదు, మాట తప్పిన కథ. అయినను దైవము ఎవరి పక్షమున సాక్షిగా నిలుచునను ప్రశ్నకు ఇది సూటియైన ఉత్తరము. భర్త భక్తుడు, కవి, తనకు స్నేహితుడు. అయినను మోసపోనున్న స్త్రీకి ముందే చెప్పి, ఆమె యున్నచోటికే వచ్చి సాక్షియైనాడు స్వామి. మగవాని కీర్తిని కాపాడుటకై గుట్టు దాచమని ఆయన ఆమెకు ఉపదేశింపలేదు. కథకుడు మాత్రము ఆమెను ఒత్తియూరులోనే విడిచి అతని వెంట నడచినాడు; ఆమె నోటి కథ మనకు అందలేదు.

ఇంత చెప్పినంతమాత్రమున, బాధపడిన ప్రతి స్త్రీయు వేదిక యెక్కి చెప్పితీరవలెనని నా వాదము కాదు. చెప్పుట హక్కైనపుడు చెప్పకుండుటయు హక్కే. విరోధము మౌనముతో కాదు, మౌనమును మోపువారితో. కథ చెప్పినదానిని మఱల మఱల పిలిచి, వినువారి కన్నీరు ఆఱకముందే మఱియొక సభకు త్రోలి, ఆమె గాయమును తమ సంస్థకు పతకముగా ధరించువారును లేకపోలేదు. అదియు ఒక విధమగు దోపిడియే. ఎంత చెప్పవలెను, ఎవరికి చెప్పవలెను, పేరుతోనా, పేరు లేకయా, ఎప్పుడు చాలింపవలెను అనునవి ఆమె నిర్ణయములు. చెప్పినది అబద్ధమైనచో ఎట్లని అడుగువారును కలరు. వినుట వేఱు, శిక్ష విధించుట వేఱు. సాక్ష్యమును శోధించుటకు న్యాయస్థానము కలదు. శోధింపవలసివచ్చునను భయముతో విననే వినమనువాడు శోధనకు కాదు, సత్యమునకు జంకుచున్నాడు.

చెప్పుకొన్నపిమ్మట తలదాచుకొనుటకు చోటును, బ్రతుకుటకు తెరువును లేనిచో చెప్పుట సాహసముగనే మిగిలిపోవును. ఎనిమిదవ యేట పెండ్లియై, యుక్తవయస్సున ఆ బంధమునుండి తనంత తాను వెలువడిన దుర్గాబాయి దేశ్‌ముఖ్, 1937లో ఈ చెన్నపురియందే ఆంధ్రమహిళాసభను నెలకొల్పి, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలకు స్వల్పకాలములో పరీక్షలకు సిద్ధపఱచు తరగతులు నడపుటలోని మర్మమిదే. 2006లో హైదరాబాదున భూమిక పత్రికవారు స్త్రీలకై సహాయవాణిని ఆరంభించుటయు ఈ మార్గమునందే. ఫోనులో ఒకతె చెప్పును, ఒకతె వినును, వినినది నవ్వదు. అంతియే గాక, పదిమంది స్త్రీలు ఒకచోట కూర్చుండి ఒకతె తన కథ చెప్పినపుడు, రెండవది కొంతసేపటికి, ‘అక్కా, మా ఇంట్లోనూ ఇంతే’ అనును. ఆ మాటతో తోడికోడలి నవ్వునకు అవసరము తీఱిపోయినది. తాను వేఱని చాటుకొనవలసిన భయము ఆమెకు ఇక లేదు. మచ్చను తొలగించుటకు లోకమంతయు మాఱవలసిన పనిలేదు. మొదట నవ్వవలసిన వ్యక్తి నవ్వక, ‘నన్నూ కొట్టినాడు’ అని పలికినచో చాలును. ఇంటిలో అవమానమును పుట్టించు యంత్రము అక్కడ ఆగిపోవును.

కావున మొదటి ప్రశ్నకు నా ఉత్తరమిది: బాధపడినది తన కథ చెప్పుకొనుట ధర్మభంగము కాదు, ధర్మము సభకు వచ్చుట. రెండవ ప్రశ్నకు ఉత్తరము మనపై మఱింత భారము మోపును. ప్రతి శ్రీరామనవమి పందిటను సీతమ్మ ఓర్పును వర్ణించు ప్రవచనకర్తలు ఆమె సభలో చెప్పిన ఉత్తరమును గూడ వర్ణింపవలెను. భారతము చెప్పువారు ద్యూతమును, వస్త్రాపహరణమును వర్ణించి కన్నీరు తెప్పించినంతనే చాలించక, విదురుడు వేసిన పాపపు పాళ్లను శ్రోతలకు ఒక్కొక్కటిగా విప్పి చెప్పవలెను. ఎన్నూరు కుప్పములలో ఊరిపంచాయతికి కూర్చుండు పెద్దలు, ప్రార్థనామందిరముల కాపరులు, దేవాలయధర్మకర్తలు, ‘నీవేమి చేసితివి, అతడేల కొట్టెను’ అను ప్రశ్నను విడిచి, ‘నీకిప్పుడు ఏమి కావలెను’ అను ప్రశ్నతో మొదలుపెట్టవలెను. ఆమెను లోనికి పొమ్మను ప్రతి మతపెద్దయు సభాముఖ్యుని సగపాలును తన తలపై వేసికొనుచున్నాడు. ఆ భాగము దానధర్మములతో తీఱునది కాదు, వ్రతములతో తొలగునది కాదు. దానికి కశ్యపుడు చెప్పిన ప్రాయశ్చిత్తము ఒక్కటే: నింద్యమైనదానిని, చేసినవాని మొగము ఎదుటనే, నింద్యమని పలుకుట.